పాకలో పచ్చి బాలింత

మరియమ్మకి రెండు మోకాళ్ళూ విరిగాయని చూడగానే షైనీ కళ్ళ ముందు వాళ్ళ అమ్మమ్మ మొహం కదిలింది. దేవుడేమనుకుంటాడన్నది తర్వాత సంగతి. దేవుడికి ఓపిక ఎక్కువని ఆదివారం బళ్ళో చెప్పారు. ఎలీసమ్మ గురించి అలాంటి మాట ఎవరూ ఎక్కడా చెప్పలేదు.

శనివారం పొద్దున్న. కాసేపట్లో అమలాపురంలో బడిపిల్లల చేతిపనుల ఎగ్జిబిషన్ మొదలవుతుంది. ఊళ్ళ నుంచి జనం వస్తారు, జడ్జీలు వస్తారు, ప్రైజులిస్తారు. షైనీ, వెంకటదుర్గ, నాగేంద్రబాబు ముగ్గురూ ఎనిమిదో తరగతి. ముగ్గురూ కలిసి దానికోసం పశువుల పాక తయారు చేశారు. క్రిస్మస్‌కి చర్చిల్లో పెడతారే, బాలయేసు పుట్టిన పాక, అదే. కొబ్బరి మట్టలు చెక్కి స్తంభాలు, కొబ్బరాకు అల్లి కప్పు, కాలవ గట్టు మట్టితో బొమ్మలు. కప్పు మీద మంచు కూడా ఉంది. మంచు కోసం నాగేంద్రబాబు కొబ్బరి కోరు చల్లుదామన్నాడు, ఎవరు వద్దంటున్నా చల్లాడు కూడా. గంట తిరక్కుండా చీమలు వచ్చి బేత్లెహేము మొత్తం ఆక్రమించాయి. అదంతా దులిపేసి దూది అంటించారు.

ముగ్గురిలో చర్చికి వెళ్ళేది షైనీ ఒక్కతే. అందుకని సోషల్ చెప్పే ఉమామహేశ్వరి మేడమ్ "మీ పండగ కదా, నువ్వే లీడరువి, నువ్వెలా చెబితే వీళ్ళలా చేస్తారు" అని పెత్తనం ఆ పిల్ల చేతిలో పెట్టేశారు. పెత్తనం బరువు పుచ్చుకున్నవాళ్ళకే తెలుస్తుంది. షైనీకి అన్నం సయించడం మానేసింది.

ఆ బరువులో ముప్పాతిక వంతు ఎలీసమ్మదే. షైనీ అమ్మ రత్నమాల, నాన్న ఇద్దరూ మస్కట్‌లో ఉంటారు. ఆయన డ్రైవరు, ఆవిడ ఒకరింట్లో పిల్లల్ని చూసుకుంటుంది. ఈ క్రిస్మస్‌కి వస్తానంది గాని సెలవు దొరకలేదు. షైనీ ఉండేది అమ్మమ్మ దగ్గర. కొబ్బరి పీచుతో తాళ్ళు పేని అమ్మే ఎలీసమ్మకి ఇంట్లో ఆస్తి అంటూ చెప్పుకోదగ్గది గోడ మీద క్యాలెండరు. చర్చి వాళ్ళిచ్చింది. డిసెంబరు కాయితం మీద ఏటా అదే పశువుల పాక బొమ్మ ఉంటుంది. నీలం ముసుగులో మరియమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి, పాలమీగడ లాంటి మొహంతో పసివాణ్ణి చూస్తుంటుంది. ఎలీసమ్మకి ఆ బొమ్మ ఎంత ఇష్టమంటే, జనవరిలోనే డిసెంబరు కాయితం పైకి తిప్పి పెట్టేసుకుంది. ఏడాది పొడుగునా ఆ ఇంట్లో డిసెంబరే. తారీకు కావలిస్తే పక్కింటికెళ్ళి అడిగి వచ్చేది.

అంత ఇష్టమైన కాయితాన్నీ చింపి మనవరాలి చేతిలో పెట్టింది. "ఇది చూసి చెయ్యి. అచ్చు గుద్దినట్టు దిగాలి. ఒక్క మడత కూడా తేడా రాకూడదు" అంది.

తేడా రాకూడదనడానికి ఒక కారణం ఉంది. కిందటేడు చర్చిలో పాక కట్టేటప్పుడు ఎలీసమ్మ ఇంత ఎండుగడ్డీ, తను పేనిన సన్న తాడూ నెత్తిన పెట్టుకు వెళ్ళింది. పాస్టరమ్మగారు "మీకెందుకండీ శ్రమ, హైదరాబాద్ నుంచి రెడీమేడ్ సెట్టు తెప్పించేం కదా. గడ్డయితే చెత్తగా ఉంటుంది" అన్నారు. ఆవిడ మంచి మనిషే, ఏదో మామూలుగా అన్న మాటే. ఎలీసమ్మ గడ్డిని తిరిగి మోసుకొచ్చింది. గడ్డి ఆ సాయంత్రమే పక్కింటి ఆవు తినేసింది గాని, మాటను మాత్రం ఎలీసమ్మ ఏడాదిగా నములుతూనే ఉంది. ఇప్పుడు పాస్టరమ్మగారితో సహా చర్చి స్త్రీల సమాజాన్నంతా ఆటోల్లో ఎక్కించుకుని ఎగ్జిబిషన్‌కి వస్తోంది, మనవరాలు చేసిన పాక చూపించడానికి.

ఇక మోకాళ్ళు ఎలా విరిగాయంటే, అదంతా వెంకటదుర్గ తెలివి. డిసెంబరు మంచుకి మట్టిబొమ్మలు ఆరితేనా? తడి ఆరకుండానే ఆత్రంకొద్దీ రంగులు కూడా వేసేశారు. దుర్గ వాళ్ళ నాన్న వీర్రాజుకి అంబాజీపేటలో కురిడీ కొబ్బరి వ్యాపారం. గొడౌన్లో అటక మీద కాయలు పోసి, కింద సన్నగా పొగ పెట్టి, నెలల తరబడి ఎండనిస్తారు. లోపల నీళ్ళు ఇగిరిపోయి కొబ్బరి గుండులా గలగలలాడితే అప్పుడు లారీ ఎక్కిస్తారు. "కాయ లోపల నీళ్ళే ఇగిరిపోతాయే. మట్టిబొమ్మెంత?" అంది దుర్గ. వినడానికి సైన్సు పాఠంలాగే ఉంది. బొమ్మలన్నీ అటక ఎక్కించారు.

ఇవాళ పొద్దున్న దింపి చూస్తే ఏముంది? బొమ్మలు ఎండాయి. ఎండటమేమిటి, గచ్చకాయల్లా గట్టిపడ్డాయి. కాని పొగ పట్టి అన్నీ కాఫీ పొడి రంగుకి తిరిగాయి. బాలయేసుకి కానుకలు తెచ్చిన జ్ఞానులు ముగ్గురూ గోదాట్లో ఇసక తీసే మనుషుల్లా ఉన్నారు. మరియమ్మ పెనిమిటి యోసేపు రొయ్యల చెరువు కాపలావాడిలా ఉన్నాడు. పైగా కాయలు సర్దుతుంటే ఒకటి దొర్లి వెళ్ళి మరియమ్మ కాళ్ళ మీద పడింది. మోకాళ్ళ దగ్గరకి విరిగి, కింది ముక్క పిండైపోయింది. పసివాడు మాత్రం చెక్కు చెదరలేదు.

వీర్రాజు ఒక జ్ఞానిని చేతిలోకి తీసుకుని వేలితో తట్టి చూశాడు. "ఆయ్, పొగ బాగా పట్టిందండి మేడమ్ గారూ. ఇంక దీనికి జన్మలో పురుగు పట్టదండి" అన్నాడు, ఎంతో భరోసాగా.

ఉమామహేశ్వరి మేడమ్ కొబ్బరి బస్తా మీద కూలబడ్డారు. ఈసారైనా ఫస్టు ప్రైజు తెద్దామని పట్టు చీర కట్టుకు వచ్చిన మనిషి ఆవిడ. ఇంకో మరియమ్మని చేసే టైము లేదు, చేసినా ఆరే దారి లేదు. ఆటోవాడు బయట హారన్ కొడుతున్నాడు.

"ఎక్కించండి" అన్నారు మేడమ్. "అక్కడికెళ్ళాక ఏడుద్దాం."

షైనీ అంతదాకా ఆగలేకపోయింది. అమలాపురం చేరేవరకూ ఆటోలో ఏడుస్తూనే ఉంది. మరియమ్మని ఒళ్ళో పెట్టుకుని, ముక్కు ఎగబీలుస్తూ, బ్యాగులో ఉన్న క్యాలెండరు కాయితాన్ని మాటిమాటికీ తీసి చూసుకుంది. అందులో మరియమ్మ ఎంచక్కా మోకాళ్ళ మీదే కూర్చుని ఉంది.

హాల్లో వాళ్ళకిచ్చిన బల్ల మీద పాక నిలబెట్టారు. గేదె, దూడ తమ చోట్లో తాము నిలబడ్డాయి. క్యాలెండర్లో ఉన్నది ఎద్దూ గాడిదా. గాడిద కాళ్ళెలా ఉంటాయో తను ఎప్పుడూ దగ్గర్నించి చూడలేదని, చూడనిది తన చేతికి రాదని నాగేంద్రబాబు వాళ్ళింటి గేదెని చేసేశాడు. షైనీ దాని మీద ఇదివరకే ఒక పెద్ద యుద్ధం చేసి ఓడిపోయి ఉంది. ఇప్పుడు మరియమ్మని నిలబెట్టబోతే ముందుకి పడింది. గోడకి ఆనిస్తే పక్కకి ఒరిగింది.

దుర్గ నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసింది.

"పడుకోబెట్టెయ్యవే."

"మరియమ్మ పడుకోదు" అంది షైనీ.

"ఎందుకు పడుకోదు? కనింది కదా?"

"కంటే?"

"కంటే పడుకోరా మరి? మా అక్క మొన్న ఆదివారం కనింది. ఇంకా మంచం దిగలేదు. నిన్న కాస్త మోకాళ్ళ మీద లేచి చెంబు అందుకోబోతే మా అమ్మ ఇల్లంతా ఎగిరిపోయేలా కేకలేసింది. పచ్చి బాలింతని ఎవరైనా మోకాళ్ళ మీద కూర్చోబెడతారే? మీ క్యాలెండరువాళ్ళకి ఇంట్లో ఆడవాళ్ళు లేరా?"

షైనీకి చర్రున కోపం వచ్చింది. కాని రెండేళ్ళ నుంచి ఆదివారం బళ్ళో ఫస్టు వస్తున్న పిల్లని ఈ ప్రశ్న ఎప్పుడూ ఎవరూ అడగలేదు.

నాగేంద్రబాబు తన బ్యాగులోంచి చిన్న మంచం తీశాడు. కొబ్బరి ఈనెల పట్టెలకి, ఎలీసమ్మ పేనిన సన్న తాడుతో అల్లిన నులక మంచం. పాకన్నాక మంచం ఉండాలని వాడు మొదట్లోనే చేశాడు. క్యాలెండర్లో లేదని షైనీ తీసేయించింది. వాడు ఊరుకున్నట్టే ఊరుకుని మంచాన్ని బ్యాగులోనే మోస్తున్నాడు.

మరియమ్మని మంచం మీద పడుకోబెట్టి, విరిగిన కాళ్ళ మీదికి మేడమ్ గారి చేతిరుమాలు దుప్పటిలా కప్పారు. అంతవరకూ బాగానే ఉంది. అక్కడితో ఆగితే దుర్గ దుర్గ ఎందుకవుతుంది? వాళ్ళింట్లో పురుడు నడుస్తోంది, ఏది ఎక్కడుండాలో పిల్లకి కంఠతా వచ్చు. తన రుమాలు అంచు చింపి బాలింత తల చుట్టూ చెవులు మూసుకునేలా కట్టింది. మంచం పక్కన మట్టి మూకుడులో నాలుగు బొగ్గుముక్కలు వేసి కుంపటి అంది. గుమ్మానికి వేపరెమ్మ దోపింది. అట్టముక్కతో కొడవలి కత్తిరించి మంచం కింద పెట్టింది. యోసేపు చేతికర్ర లాగేసి, విసనకర్ర ఇచ్చి కుంపటి దగ్గర కూర్చోబెట్టింది. ఆఖరికి పెన్సిలు మొన నూరి, పసివాడి బుగ్గ మీద ఇంత లావు దిష్టిచుక్క పెట్టింది.

"చాలే, ఇంక చాలే" అంటూనే ఉంది షైనీ. లీడరు మాట వినేవాళ్ళు లేరు.

మేడమ్ దూరం నుంచి చూసి, దగ్గరికొచ్చి చూసి, "బాగానే ఉందర్రా" అన్నారు. ఆవిడ గొంతులో ఫస్టు ప్రైజు ఆశ అప్పటికే చచ్చిపోయింది.

తలుపులు తీశారు. జనం రావడం మొదలైంది. మొదట వచ్చినావిడ పసుపు చీర కట్టుకుని, నుదుట నామం పెట్టుకుని, చేతిలో కొబ్బరికాయ సంచీతో ఉంది. వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాల మొక్కు, ఇవాళ ఏడోది, బస్సుకి టైముందని ఇలా వచ్చింది. పాక దగ్గరకి వచ్చి వంగి చూసి, చటుక్కున రెండడుగులు వెనక్కి వేసింది.

"అయ్యో, పురిటిల్లు కదమ్మా. నేను గుడికెళ్ళాలి" అంది. వెళ్ళిపోతుందనుకుంటే వెళ్ళలేదు. అల్లంత దూరంలో నిలబడి మెడ సాచింది. "మగపిల్లాడా?"

"ఆయ్" అంది దుర్గ.

"తల్లికేం భయం లేదుగా?"

"లేదండి. సుఖంగానే అయిందండి."

"పోన్లే తల్లీ" అని ఆవిడ దూరం నుంచే రెండు చేతులూ చాచి మెటికలు విరిచి వెళ్ళిపోయింది. షైనీకి నేల చీలితే బావుండుననిపించింది. లోక రక్షకుణ్ణి చూడ్డానికి వచ్చిన మొట్టమొదటి మనిషి మైల అని వెనక్కి నడిచింది. ఇది అమ్మమ్మ చూసిందంటే ఇంకేమైనా ఉందా?

అమ్మమ్మ అప్పటికే గుమ్మంలో ఉంది. వెనక స్త్రీల సమాజం, అందరూ తెల్లచీరల్లో, మధ్యలో పాస్టరమ్మగారు. ఎలీసమ్మ తలకి నూనె రాసి దువ్వుకుని, పెట్టె అడుగున దాచిన గంజి చీర తీసి కట్టుకుని వచ్చింది. నడక చూస్తేనే తెలుస్తోంది ఎంత గొప్ప చెప్పుకుని ఉంటుందో.

షైనీ చున్నీ లాగి పాక మీద కప్పేసింది.

"ఇంకా పూర్తవలేదు అమ్మమ్మా. బయట బజ్జీలు వేస్తున్నారు. తిని రండి అందరూ."

"మేం బజ్జీలు తింటే అది పూర్తవుద్దా?" అంది ఎలీసమ్మ. "తియ్యి."

"అది కాదు అమ్మమ్మా..."

"షైనీ. తియ్యి."

ఆ గొంతు వింటే ఎవరైనా తీస్తారు. షైనీ తీసింది. తీసి, బ్యాగులోంచి క్యాలెండరు కాయితం కూడా తీసి రెండు చేతుల్తో అమ్మమ్మ ముందు పట్టుకుంది. నేరం చేసినవాళ్ళు సాక్ష్యం కూడా వాళ్ళే అప్పగించినట్టు. "దీన్లో ఉన్నట్టే చేశాను అమ్మమ్మా. నిజంగా. అటక మీద కాళ్ళు విరిగిపోయాయి" అంది.

ఎలీసమ్మ కాయితం కేసి చూడనే లేదు. పాకలోకి వంగింది. కళ్ళజోడు సర్దుకుంది. ఆవిడ వెనక అంతమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా మాటలు మానేశారు. స్త్రీల సమాజం మాటలు మానడం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరుగరు.

"ఈ చెవులు కట్టిందెవరే?" అంది ఎలీసమ్మ.

దుర్గ ధైర్యమంతా ఎటుపోయిందో గాని, చెయ్యి మాత్రం మెల్లిగా పైకెత్తింది. "నేనేనండి."

"ఇలాగేనా కట్టడం? దూదేదీ? డిసెంబరు చలి. గాలి మొత్తం చెవుల్లోకే పోతుంది. రేపు తలనొప్పి పట్టుకుంటే ఎవరు పడతారు?"

ఆమాట అంటూనే పాక కప్పు మీద నుంచి మంచు ఇంత పీకి, వేళ్ళ మధ్య నలిపి, రెండు ఉండలు చేసి, కట్టు విప్పి మరియమ్మ చెవుల్లో పెట్టింది. మళ్ళీ కట్టింది, ఈసారి గడ్డం కింద నుంచి ముడి వేసి. తర్వాత దుప్పటి మెడ దాకా లాగింది. యోసేపుని కాస్త జరిపింది. "నువ్వు పక్కకుండవయ్యా, గాలి తగలనీ కుంపటికి" అని ఆయనకి చెప్పింది కూడా.

షైనీ నోరు తెరుచుకు చూస్తోంది.

"ఇన్నేళ్ళ నుంచి చూస్తన్నాను" అంది ఎలీసమ్మ పాస్టరమ్మగారి కేసి తిరిగి, గొంతు కొంచెం తగ్గించి. "ఆ బొమ్మంటే నాకు ప్రాణమేనండి. కాని చూసినప్పుడల్లా మోకాళ్ళు లాగేవి నాకు. ఆ మహాతల్లి ఎప్పుడు నడుం వాలుస్తుందా అనుకునేదాన్ని. ఇదిగో, ఇవాళ వాల్చింది."

అంతే. ఎవరో గేటు తీసినట్టయింది. ఒకావిడ, వంతెన లేని రోజుల్లో తన పెద్దకొడుకు గోదారి మధ్యలో పడవలోనే పుట్టాడని, పడవ నడిపేవాడు వెనక్కి తిరిగి నిలబడే ఒడ్డుకి చేర్చాడని చెప్పింది. ఇంకొకావిడ, కోడలు ఆస్పత్రి ఏసీ గదిలో చెవులు కట్టించుకోనందని, ఇప్పుడు రోజూ తల పట్టుకు కూర్చుంటోందని చెప్పింది. పాస్టరమ్మగారు ఆగలేకపోయారు.

"మా చిన్నవాడప్పుడు సభలు జరుగుతున్నాయండి. మా ఆయన స్టేజీ మీద, ఊరంతా పందిట్లో. నాకు నొప్పులు మొదలై రోడ్డు మీదకొస్తే ఒక్క ఆటో లేదు. నడుచుకుంటా ఎన్ని తలుపులు కొట్టేనో. మరియమ్మకి సత్రంలో చోటు దొరకలేదని చిన్నప్పటి నుంచీ చదువుతున్నాం, అదేంటో ఆ రాత్రి తెలిసిందండి నాకు" అన్నారు. అని, వంగి మంచం పట్టి చూశారు. "ఈ తాడెవరు పేనేరండి? ఎంత సన్నగా ఉందో."

"నేనేనండి" అంది ఎలీసమ్మ. "మనవరాలి కోసం."

"వచ్చే ఏడు మన చర్చికి కూడా పేనాలండి మీరు."

ఏడాదిగా నములుతున్న మాటని ఎలీసమ్మ అప్పుడు మింగేసింది. పైకి మాత్రం "చూద్దాంలెండి" అంది. ఆవిడకి ఆమాత్రం బెట్టు ఉండాలి కదా.

ఇంతలో జనం పెరిగారు. చర్చి ఆడవాళ్ళతోపాటు తోవలో పోయే ఆడవాళ్ళు కూడా ఆగిపోయారు. ఎవరి పురుడు వాళ్ళు చెప్పుకుంటున్నారు. తల్లికి వెల్లుల్లి కారం పెట్టాలని ఒకరు, అప్పుడే పెట్టకూడదని ఒకరు గట్టిగా వాదించుకుంటున్నారు. జడ్జీ శ్యామ్ సుందర్ గారు, రిటైరైన డ్రాయింగు మాస్టారు, చేతిలో ప్యాడుతో వచ్చి ఆ గుంపు వెనక నిలబడ్డారు. లోపలికి రాబోతే ఒక పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి బాబూ. మగాళ్ళు ఇప్పుడే రాకూడదు."

"నేను జడ్జీనండి" అన్నారాయన.

"అయితే మాత్రం?"

ఆయన పాపం మునివేళ్ళ మీద లేచి చూశారు. కొబ్బరాకు కప్పు తప్ప ఏమీ కనపడలేదు. కాసేపు నిలబడి, పక్క బల్ల మీది అట్ట రాకెట్టు దగ్గరికి వెళ్ళిపోయారు. అది చూసి ఉమామహేశ్వరి మేడమ్ పరుగున వచ్చారు, గుంపుని చీల్చుకుంటూ లోపలికి దూరారు, "జరగండమ్మా, జడ్జీ గారు" అనబోయారు. అంతలో చెవిన పడిన మాట దగ్గర ఆగిపోయారు. మరి కాసేపటికి ఆవిడ కూడా తన పెద్దమ్మాయి పురుడు చెబుతున్నారు.

ఎలీసమ్మ మాత్రం మాటల్లో పడలేదు. జ్ఞానుల ముందు నిలబడింది. ముగ్గురి చేతుల్లోనూ అగ్గిపెట్టెలంత పెట్టెలున్నాయి.

"వీళ్ళు తెచ్చినవేంటో చెప్పవే" అంది.

"బంగారం, సాంబ్రాణి, బోళం" అంది షైనీ గడగడా. ఆదివారం బళ్ళో ఫస్టు వచ్చే పిల్ల.

"మళ్ళీ చెప్పు."

"బంగారం, సాంబ్రాణి, బోళం."

ఎలీసమ్మ ఆఖరి జ్ఞాని చేతిలోని పెట్టె మీద వేలు పెట్టింది. తర్వాత మనవరాలి భుజం మీద చెయ్యి వేసింది.

"బాలింత బోళమే అది. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకి బెల్లంలో పెట్టి మింగించేను. చేదని మొత్తుకునేది. సాంబ్రాణి పొగ నీకూ, దానికీ పొద్దునా సాయంత్రం వేసేదాన్ని. ఎన్ని క్రిస్మస్‌లు ఈ వాక్యం విన్నానో, ఒక్కసారీ తట్టలేదు చూడు. అంత దూరం నుంచి ఒంటెలెక్కి వచ్చేరు. రాజులకిచ్చేవి తెచ్చేరనుకున్నాను. కాదే. బాలింతకి కావలసినవి తెచ్చేరు."

గుంపంతా విన్నారు. పడవలో కన్నావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. పాస్టరమ్మగారు "రేపు ఆదివారం ఆయన చేత ఇదే చెప్పిస్తాను" అన్నారు. షైనీకి మాత్రం ఒక్కటే అనిపించింది. ఇన్నాళ్ళూ తను చేసింది క్యాలెండరు బొమ్మకి బొమ్మ. ఇప్పుడు మంచం మీద ఎవరో మనిషి పడుకున్నట్టుంది. ఆవిడకి చలేస్తున్నట్టు కూడా ఉంది.

సాయంత్రం ప్రైజులిచ్చారు. ఫస్టు ప్రైజు అట్ట రాకెట్టుకి వచ్చింది. పశువుల పాకకి ఏమీ రాలేదు. రావడానికి జడ్జీ చూస్తే కదా. మేడమ్ కాస్త మొహం మాడ్చుకున్నారు గాని, పట్టు చీర కట్టినందుకు ఫొటోలు బాగా వచ్చాయని తనకి తనే చెప్పుకున్నారు. బల్ల సర్దుతుంటే పొద్దుటి పసుపు చీరావిడ మళ్ళీ వచ్చింది. దర్శనం చేసుకుని వాడపల్లి నుంచి తిరిగి వస్తోంది. మొక్కు తీరింది కనక ఈసారి బల్ల దాకా వచ్చింది.

"ఎలా ఉందమ్మా తల్లి? పాలు పడ్డాయా?" అని అడిగింది.

"పడ్డాయండి" అంది షైనీ. దుర్గ కాదు, షైనీయే చెప్పింది. "ఇప్పుడే కాస్త నిద్ర పట్టిందండి."

పాక చర్చికి కావాలన్నారు పాస్టరమ్మగారు. ఉన్నదున్నట్టు, గేదెతో సహా. నాగేంద్రబాబు గేదెని ఎలా పట్టుకోవాలో ఆవిడకి రెండుసార్లు చెప్పి గాని ఇవ్వలేదు. ఎలీసమ్మ జ్ఞానుల్నీ యోసేపునీ సంచీలో సర్దుతూ, ఒకళ్ళకొకళ్ళు తగిలి విరక్కుండా మధ్యలో అడ్డం పెట్టడానికి ఏమైనా ఉందా అని అటూ ఇటూ చూసింది. షైనీ చేతిలో క్యాలెండరు కాయితం కనపడింది. తీసుకుని యోసేపుకి చుట్టేసింది.

"అమ్మమ్మా, అది నీ కాయితం."

"అయితే ఏం? ఇంక తారీకులు చూసుకోవాలి కదా నేను" అంది ఎలీసమ్మ.

మరియమ్మని మాత్రం సంచీలో పెట్టనివ్వలేదు. మంచంతో సహా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చుంది. ఆటో బయల్దేరగానే చల్లగాలి లోపలికి కొట్టింది. అప్పుడే ఫోను మోగింది. మస్కట్ నుంచి రత్నమాల, వీడియో కాల్. షైనీ ఫోను పైకెత్తి పట్టుకుంది.

"ప్రైజొచ్చిందా?" అంది తల్లి.

"రాలేదమ్మా" అంది షైనీ. ఆమాట ఇంత సంతోషంగా చెప్పొచ్చని తనకే తెలీదు.

"మరెందుకే నవ్వుతున్నావ్? అమ్మా, ఒళ్ళో ఏంటది?"

"బాలింతే" అంది ఎలీసమ్మ. "గాలి కొడుతోంది. తర్వాత చెయ్యి."

రత్నమాల కాల్ కట్ చెయ్యలేదు. ఫోన్లోకి దగ్గరగా వచ్చి చూసింది. పొగ రంగు మొహం, చెవుల చుట్టూ గుడ్డ, గడ్డం కింద ముడి. ఆవిడ వెనకాల ఎవరి పిల్లాడో ఏడుస్తున్నాడు.

"నాకూ అలాగే కట్టేదానివి కదమ్మా."

"కట్టేదాన్ని. నువ్వు ఊడదీసి పడేసేదానివి."

"ఇప్పుడు కడితే పడెయ్యనమ్మా."

పిల్లాడి ఏడుపు పెద్దదైంది, "వెళ్ళాలి" అని తల్లి ఫోను పెట్టేసింది. ఆటో కాలవ గట్టు మీదికి మళ్ళింది. షైనీ అమ్మమ్మని ఆనుకుని, గాలి వచ్చే వైపు అడ్డంగా జరిగి కూర్చుంది. ఎలీసమ్మ తన కొంగు తీసి మంచం మీద కప్పి, చెవుల దగ్గర ఇంకొంచెం నొక్కి పెట్టింది.